ఒంటిచేతి మూత

సిరా ప్యాడ్ల కార్ఖానాలో ఆమెను అందరూ మూతలక్క అంటారు. రేకు డబ్బాలకు మూతలు బిగించడం ఆమె పని. డబ్బాను కుడి గంపలోంచి, మూతను ఎడమ గంపలోంచి తీస్తుంది. రెండింటి వెనకంచుల మీదా ఉన్న బుల్లి గొట్టాలను ఒక వరసలోకి తెచ్చి, వాటిలోంచి సన్నటి కమ్మి దూర్చి, కొనలను పట్టకారుతో నొక్కుతుంది. ఆ తర్వాత మూతను ఒకసారి తెరిచి మూస్తుంది. మూత టక్కున పడితే డబ్బా బాగున్నట్టు. పక్కనే రేకు కోసే యంత్రం ఉంది కాబట్టి ఆ టక్కు చెవికి వినబడదు, వేళ్ళకు తెలుస్తుంది. ఆ హాల్లో మాట్లాడాలంటే అరవాలి. అరిచి చెప్పుకునేంత గొప్ప సంగతులు ఎవరి దగ్గరా ఉండవు. అందుకని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు.

సాయంత్రం నాలుగున్నరకు ఆమె కార్ఖానా పార్శిళ్ళు ఓ సంచిలో వేసుకుని పార్శిలాఫీసుకు బయల్దేరుతుంది. ఆ పని తనది కాదు, ఎవరూ అప్పగించలేదు కూడా. దారిలోనే కదా అని ఆమే నెత్తిన వేసుకుంది. నిజానికి అది దారిలో లేదు, రెండు వీధులు చుట్టు తిరగాలి. కార్ఖానాలో ఎవరూ ఆ లెక్క చూడలేదు.

పార్శిలాఫీసులో మూడు కిటికీలు. ఆమె ఎప్పుడూ మూడోదాని దగ్గరే నిలబడుతుంది, మొదటి రెండూ ఖాళీగా ఉన్నా సరే. మూడో కిటికీ వెనక గుమస్తాకు యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఓ జబ్బు వచ్చి పోతూ పోతూ ఆయన ఎడమ చేతిని తీసుకుపోయింది. చెయ్యి భుజానికి ఉంది గానీ అది పని చెయ్యదు. పొద్దున్నే దాన్ని ఎత్తి బల్ల మీద ఓ పక్కన పెట్టుకుంటాడు, సాయంత్రం మళ్ళీ ఎత్తి ఒళ్ళో వేసుకుని లేస్తాడు.

మంగళవారం ఆమె ఎనిమిది పార్శిళ్ళు తెచ్చింది.

"రా చెల్లెమ్మా," అన్నాడు గుమస్తా. "ఏమంటున్నాడు మీ పైగదాయన?"

"ఏమంటాడు అన్నగారూ, మళ్ళీ అక్కడే పడ్డాడు."

ఆమె గదికి పైన ఉండే ఆయన పిల్లనగ్రోవి నేర్చుకుంటున్నాడు. ఆర్నెల్లుగా ఒకటే పాట, అందులోనూ ఒకటే ముక్క. మూడు స్వరాలు బాగానే ఎక్కుతాడు, నాలుగోదాని దగ్గర ఊపిరి చాలక కీచుమంటుంది. ఆగి మళ్ళీ మొదలుపెడతాడు. ఆమె అతన్ని మెట్ల మీద రెండుసార్లే చూసింది, మాట్లాడింది లేదు. కానీ ఆ నాలుగో స్వరం సంగతి రోజూ వచ్చి ఈ కిటికీకి చెప్పుకోవలసిందే.

"నిన్న నాలుగోదాని దగ్గర ఆగలేదు, తెలుసా? అసలు ఊదకుండా దూకి అయిదోదానికి పోయాడు."

"దొంగ!" అని గుమస్తా పకపకా నవ్వాడు. "అట్లా దాటితే దాటినట్టు కాదని చెప్పు."

మాట్లాడుతూనే పార్శిలు తూచి, రసీదు రాసి, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ఆమె కిటికీ కింది సందులోంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టి సిరా ప్యాడు అడుగును బల్లకు అదిమి పట్టింది. ఆయన బొటనవేలి గోరుతో మూతంచు పట్టి లాగాడు. మూత లేచింది. ముద్ర అద్ది, పార్శిలు మీద ఒకటి, రసీదు మీద ఒకటి వేసి, మూత మూశాడు. రెండో పార్శిలుకు మళ్ళీ అంతా మొదటి నుంచి. ఎనిమిది పార్శిళ్ళు, ఎనిమిదిసార్లు మూత, ఎనిమిదిసార్లు ఆమె వేళ్ళు. ఇది ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఆమె పట్టుకోకపోతే డబ్బా జారిపోతుంది, మూత రాదు.

అయిదో పార్శిలు అయ్యేసరికి కొత్త సూపర్వైజరు వచ్చింది. చేతిలో తిరిగొచ్చిన రసీదులు నాలుగున్నాయి. వెనక మనుషులున్నారన్న పట్టింపు లేకుండా వాటిని బల్ల మీద పరిచింది.

"చూడండి, ఏమన్నా కనబడుతోందా? ముద్రో మచ్చో తెలీడం లేదు. ఎడమ చెయ్యంటే సరే, కుడిచేతిలో కూడా బలం తగ్గితే ఎలాగండీ?"

గుమస్తా రసీదులు ఒక్కొక్కటే వరసగా సర్దాడు.

"శనివారం దాకా చూస్తాను. ఇలాగే ఉంటే సోమవారం నుంచి మీరు లోపల మూటల గదిలో కూర్చోండి. లెక్క పెట్టడమే, ముద్రలుండవు. మీకూ హాయి."

సూపర్వైజరు వెళ్ళిపోయాక గుమస్తా మిగిలిన మూడు పార్శిళ్ళకూ ముద్ర గట్టిగా వేశాడు, బల్ల అదిరేంత గట్టిగా. పైగదాయన ఊసు మళ్ళీ రాలేదు.

మూతలక్కకు కడుపు మండిపోయింది. ఆ రసీదుల మీది పాలిపోయిన వంకాయరంగు ఎందుకొచ్చిందో ఆమెకు తెలిసినట్టు ఆ సూపర్వైజరుకు ఈ జన్మలో తెలియదు. అది చేతిబలం కాదు, ప్యాడు ఎండిపోవడం. తను లేని సమయంలో ఆయన ఒక్కచేత్తో మూత తియ్యలేక, ఒకసారి డబ్బాను బల్లకూ పొట్టకూ మధ్య అదిమి ఎలాగో తీసి, ఇక మూయకుండా వదిలేస్తున్నాడు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే గంటలో ప్యాడు అట్టలా అవుతుంది. అసలు తమ కార్ఖానా ప్యాడు మూత అంత బిగువుగా ఎందుకుంది? పెట్టెల్లో మూతలు ఊడిపోతున్నాయని రెండేళ్ళ కిందట మేస్త్రీతో చెప్పి మూతను పట్టి ఉంచే ముందంచు నొక్కు లోతు చేయించింది తనే. అందుకు మెచ్చుకుని ఆమెకో గోడ గడియారం ఇచ్చారు. ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆ సాయంత్రం గడియారం కింద కూర్చుని ఆమె ఓ ప్యాడు ముందు పెట్టుకుంది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని మూత తియ్యబోయింది. డబ్బా జారింది. గోడకు ఆనించి తీసింది, గోరు విరిగింది. గడ్డంతో అదిమి చూసింది. యాభై ఏళ్ళ మనిషి బల్ల మీదికి వంగి డబ్బాను గడ్డంతో నొక్కుతుంటే చూసేవాళ్ళు ఎవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం. ఆయన్ని మూటల గదిలో వేస్తే ఆయనకు హాయో కాదో గానీ, తనకు మాత్రం ఇక రోజంతా నోరు తెరిచే పని ఉండదు. ఆమె ఆ మాటను తన దగ్గర తను దాచుకోలేదు. ఈ పని ఆయన కోసం కొంత, తన కోసం కొంత.

బుధవారం మధ్యాహ్నం యంత్రం ఆగగానే ఆమె పనికిరాని డబ్బాల పెట్టె ముందు గొంతుక్కూర్చుంది. మేస్త్రీ తన అన్నం డబ్బా పట్టుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏం అక్కా, రోజంతా పారేసినవాటిని మళ్ళీ ఏరుకుంటున్నావా?"

"ఒంటిచేత్తో తెరుచుకునే మూత కావాలి, మేస్త్రీ."

"ఎవరికి?"

"ఒంటిచెయ్యి ఉన్నవాళ్ళకి."

"అట్లాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"నువ్వు ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో ముద్ర వెయ్యవా? అప్పుడు నీకూ ఒంటిచెయ్యే."

మేస్త్రీ రేకు కత్తెరా, ఆకురాయీ తీసుకోమని తన సొరుగు తాళంచెవి ఇచ్చాడు.

ఆమెకు మొదట తట్టింది నాలుక. మూత వెనకంచుకు వేలెడు రేకు ముక్క బిగించి, కమ్మి దాటి బయటికి పొడుచుకు వచ్చేలా పెట్టింది. ఆ నాలుకను కిందికి నొక్కితే మూత పైకి లేస్తుంది. కిందికి నొక్కుతాం కాబట్టి డబ్బా జారదు. ముందంచు నొక్కును సుత్తితో చదును చేసి, ఆ టక్కు లేకుండా చేసింది. ఇన్నేళ్ళుగా టక్కు కోసమే మూతలు బిగించిన వేళ్ళకు అది తప్పు చేస్తున్నట్టే అనిపించింది. కానీ నాలుక నొక్కినప్పుడల్లా మూత బుద్ధిగా లేచి నిలబడింది. ఆమె డబ్బా వెనకవైపు, బల్ల ఇవతల నిలబడి ఇరవైసార్లు నొక్కి చూసింది.

గురువారం ఆమె దాన్ని సందులోంచి లోపలికి తోసింది.

"నాకా?" అన్నాడు గుమస్తా. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, మూత వెనక్కి ఉండేలా పెట్టుకుని, నాలుక కోసం చెయ్యి చాపాడు. నాలుక డబ్బా అవతలి అంచున, ఆమె వైపుంది. ఆయన చెయ్యి మూత మీదుగా పోవాలి. నొక్కాడు. మూత లేచి ఆయన మణికట్టుకు టపీమని కొట్టుకుంది, లోపలి సిరా చొక్కా చేతికంతా అంటింది.

"అయ్యో అన్నగారూ! నా దగ్గర బాగా పని చేసింది..."

"చేస్తుంది చెల్లెమ్మా. నువ్వు అటువైపు నుంచి చేశావు. నేను ఇటువైపున్నాను." ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ చొక్కా చెయ్యి మడుచుకోవాలన్నా ఆయనకు రెండో చెయ్యి లేదు. ఆమె సందులోంచి వేళ్ళు పెట్టి మడవబోతే అందలేదు. సిరా అంటిన చేతితోనే మిగతా సాయంత్రం పని చేశాడు.

ఆమె ఇంటికొచ్చి దీపం వేసింది. గదిలో ఓ బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద ఎప్పుడూ బట్టలుంటాయి. బట్టలు తీసి మంచం మీద పడేసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఈ గదిలోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి. అక్కడి నుంచి చూస్తే తలుపు ఎడమకు వచ్చింది, గడియారం ఎదురుగా కనబడింది, దాని కింద తను రోజూ కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె దాని వంక కొంచెంసేపు చూసి, ప్యాడు దగ్గరికి లాక్కుంది.

ఇటువైపు నుంచి చూస్తే సంగతి తేలిగ్గానే ఉంది. చెయ్యి వెనక్కి పోకూడదు. తెరవడం ఇటు ముందంచునే జరగాలి, మూత మాత్రం తనంతట తాను అటు వాలిపోవాలి. తనంతట తాను వాలాలంటే దాన్ని ఎవరో తొయ్యాలి. ఎవరు తోస్తారు? పైన పిల్లనగ్రోవి మూడు మెట్లెక్కి కీచుమంది. ఆమె లేచి తీగ మీది బట్టల క్లిప్పు ఒకటి తీసుకుని రెండుగా విరిచింది. లోపలి నుంచి చిన్న స్ప్రింగు ఊడి ఒళ్ళో పడింది.

శుక్రవారం మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం యంత్రం ఆగాక అరగంట, ఆమె వేళ్ళ మీద రేకు గాట్లు పడేదాకా పని చేసింది. స్ప్రింగును వెనక కమ్మికి తొడిగింది. ముందంచున మూతను పట్టి ఉంచడానికి రేకు కొక్కెం పెట్టి, దాని కొనను బొటనవేలంత వెడల్పున బయటికి వంచి మీటలా చేసింది. మీటను కిందికి నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, స్ప్రింగు మూతను వెనక్కి తోస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడు మూత కప్పలా ఎగిరింది, డబ్బా మొత్తం పల్టీ కొట్టి మేస్త్రీ చెప్పు మీద పడింది.

"ఇది ప్యాడా, ఎలకల బోనా?" అన్నాడు మేస్త్రీ. కిందికి వంగి డబ్బా తీసి, తనే స్ప్రింగు చుట్లలో రెండు తగ్గించి ఇచ్చాడు. ఈసారి మూత నెమ్మదిగా లేచి, వెనక్కి వాలి, అక్కడే ఆగింది. మూయాలంటే చేతి వెనకభాగంతో ఇటు తోసి ఒక్క నొక్కు నొక్కితే చాలు. సైకిలు ట్యూబు ముక్కను సన్నగా కోసి మూత లోపలంచు చుట్టూ అతికించింది, గాలి చొరబడకుండా. మిగిలిన ముక్కను డబ్బా జారకుండా దాని అడుగున అతికించింది. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, బల్లకు అవతలివైపు వెళ్ళి కూర్చుని, నలభైసార్లు నొక్కింది.

శనివారం గుమస్తా మీట నొక్కాడు. మూత లేచి వాలింది. ముద్ర అద్ది పార్శిలు మీద వేశాడు. గుండ్రంగా, అంచు నుంచి అంచు దాకా అక్షరం అక్షరం కనబడేలా, చిక్కటి వంకాయరంగులో నిగనిగలాడుతూ పడింది. చేతి వెనకతో మూత తోశాడు. మళ్ళీ నొక్కాడు. పార్శిలు లేకుండా ఊరికే ఇంకో నాలుగుసార్లు నొక్కాడు, చిన్నపిల్లాడిలా. ఆయన కళ్ళు తడిశాయి. తుడుచుకుందామంటే చేతిలో ముద్ర ఉంది.

"ఇక ఎవరూ పట్టుకోనక్కర్లేదమ్మా," అన్నాడు.

"అక్కర్లేదు," అంది ఆమె సంతోషంగా.

సూపర్వైజరు వచ్చి రసీదులు వెలుగుకు పెట్టి చూసింది. "ఇదివరకే ఇలా వెయ్యొచ్చుగా," అని మాత్రం అని వెళ్ళిపోయింది. మూటల గది మాట ఎత్తలేదు.

సోమవారం సాయంత్రం పార్శిలాఫీసులోకి వెళ్ళిన మూతలక్క గుమ్మంలోనే ఆగింది. రెండో కిటికీ మూసి ఉంది. దాని ముందుండే జనమంతా మూడోదాని ముందే ఉన్నారు. మూడో కిటికీలో పని చకచకా సాగుతోంది కాబట్టి సూపర్వైజరు రెండోదాన్ని మూయించిందట. ముందున్న పెద్దాయన చెప్పాడు. వరస నిజంగానే చకచకా కదిలింది. ఆమె వంతు వచ్చింది.

"రా చెల్లెమ్మా," అన్నాడు గుమస్తా తల ఎత్తకుండానే. పార్శిలు తూచాడు, రాశాడు. ఆమె వేళ్ళు అలవాటుగా సందులోంచి లోపలికి పోయాయి.

"చెయ్యి తియ్యమ్మా, మూత తగుల్తుంది."

ఆమె వేళ్ళు వెనక్కి తీసుకుంది. మీట, ముద్ర, ముద్ర, మూత. మీట, ముద్ర, ముద్ర, మూత. ఆరు పార్శిళ్ళు అయిపోయాయి. వెనకున్నావిడ అప్పటికే తన మూటను ఆమె భుజం మీదుగా కిటికీ ముందుకు తోస్తోంది. గుమస్తా ఓసారి తలెత్తి చిరునవ్వు నవ్వాడు, ఆ నవ్వు సగంలో ఉండగానే వెనకావిడ వైపు తిరిగి "తర్వాత" అన్నాడు.

ఎప్పుడూ ఎక్కే బస్సు కన్నా ముందు బస్సు దొరికింది. గదికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పని రోజున ఇంత వెలుగులో ఆమె తన గదిని చూడలేదు, కిటికీ అంచున అంత దుమ్ము ఉందని కూడా తెలియదు. దుమ్ము తుడిచింది. బట్టలు మళ్ళీ రెండో కుర్చీ మీదికి చేర్చింది. మనిషి నిలబడ్డాడు, ముద్ర నిలబడింది, నువ్వు అనుకున్నదంతా అయింది, ఇంకేం కావాలే నీకు అని తనను తాను తిట్టుకుంది. తిట్లకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు పైన పిల్లనగ్రోవి మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆమె అలవాటుగా కీచుకోసం ఎదురుచూసింది. కీచు రాలేదు. నాలుగో స్వరం వచ్చింది, సన్నగా, కొంచెం వణుకుతూ, కానీ నిజంగా వచ్చింది. ఆ వెంటనే అయిదోది. పైన కాసేపు నిశ్శబ్దం, ఆయనకే నమ్మకం కుదరనట్టు. మళ్ళీ మొదటి నుంచి వాయించాడు, మళ్ళీ దాటాడు. ఆమె గబుక్కున లేచి నిలబడింది. ఎవరికి చెప్పాలో తోచక గది మధ్యలో అలాగే నిలబడిపోయింది.

మంగళవారం దారి పొడుగునా ఆ మాటను నోట్లోనే పెట్టుకుని వచ్చింది. వరసలో నిలబడి, ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుంది.

"అన్నగారూ, పైగదాయన..."

"ఆఁ, అవునవును," అన్నాడు గుమస్తా రాస్తూనే. మీట, ముద్ర, ముద్ర, మూత. "అయిపోయాయమ్మా. తర్వాత!"

బుధవారం ఎనిమిది పార్శిళ్ళున్నాయి. వీధి మలుపులో ఆమె ఆగి సంచిలోంచి నాలుగు తీసి చేతిసంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో తనకే సిగ్గుగా ఉంది. వరసలో నిలబడింది, నాలుగు పార్శిళ్ళు ఇచ్చింది, రసీదులు తీసుకుంది. బయటికి పోకుండా వెనక్కి వెళ్ళి వరస చివర మళ్ళీ నిలబడింది. ముందు తొమ్మిది మంది. మూడో కిటికీలోంచి మీట టిక్కుమనడం వినబడుతూనే ఉంది. తను చేసిన మూత, ఎక్కడా తడబడకుండా పని చేస్తోంది. తొమ్మిది మంది ఎనిమిదయ్యారు, అయిదయ్యారు, ఒకరయ్యారు.

గుమస్తా తలెత్తాడు. చెయ్యి ఆగింది.

"ఇప్పుడే కదమ్మా వచ్చావు?"

"నాలుగు మర్చిపోయాను, అన్నగారూ." ఆమె కళ్ళు దించుకుంది. "సంచి అడుగున ఉండిపోయాయి."

ఆయన చేతిసంచి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఈ మనిషి పార్శిలు మర్చిపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. పార్శిలు తూచాడు, రాశాడు, ముద్ర తీసుకున్నాడు. మీట మీద బొటనవేలు పెట్టి, నొక్కకుండా అలాగే ఉంచాడు.

"ఏంటో ఇది పొద్దుట్నుంచీ బిగుసుకుంటోంది," అన్నాడు. "కొంచెం పట్టుకో చెల్లెమ్మా."

వెనక ఎవరో విసుక్కున్నారు. ఆమె సందులోంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టి డబ్బా అడుగును అదిమింది. మీటకు ఏమీ కాలేదని ఆ వేళ్ళకు వెంటనే తెలిసిపోయింది. ఆమె వేళ్ళు తియ్యలేదు.

గుమస్తా తీరిగ్గా, గోరుతో మూతంచు వెతుక్కున్నట్టు వెతుక్కుంటూ అడిగాడు.

"ఇంతకీ మీ పైగదాయన దాటాడా?"

"దాటాడు అన్నగారూ," అంది ఆమె. "రెండు రోజులయింది."